పిట్టల్లేని పదకొండు ఫొటోలు

ఆదివారం ఉదయం 6 గంటల 42 నిమిషాలకు అజయ్ బాబు తన ఆఖరి ఫొటో తీశాడు. ఆ తర్వాత కాలు జారి రేపల్లె అవతల సముద్రపు పాయలో పడ్డాడు. ఈత రాక మునిగిపోయాడు. పోలీసు కాగితంలో ఉన్నది ఇంతే. మంగళవారం సాయంత్రం నాలుగింటికి తెనాలిలో అజయ్ అద్దెగదిలో నిలబడి హెలెన్ ఆ కాగితాన్ని మూడోసారి చదివి, మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"నిజంగానే ఈత రాదా?"

"రాదక్కా," అంది లిడియా. "నీళ్లంటే భయం. అందుకే పోటు టైము చూసుకోకుండా గడప దాటేవాడు కాదు."

లిడియా అజయ్‌కి అక్క, స్కూల్ టీచరు. పోలీసులు ప్రమాదమని తేల్చేసిన మర్నాడే, ఇరవై రెండేళ్లు వేలిముద్రల విభాగంలో పనిచేసి బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న హెలెన్‌ని వెతుక్కుంటూ వచ్చింది. ఏడవలేదు. "మా తమ్ముడు అంత అజాగ్రత్త మనిషి కాదు" అని మాత్రం నాలుగుసార్లు అంది.

గది చూస్తే ఆ మాట నిజమనే అనిపించింది. అజయ్ ఏ స్టూడియోలోనూ కుదురుకోలేదు. ఫోను మోగితే పని, మోగకపోతే ఖాళీ. పొద్దున పెళ్లి, మధ్యాహ్నం ఏదో స్కూల్లో పిల్లల గ్రూపు ఫొటో, సాయంత్రం ఓణీల ఫంక్షను. మధ్యలో బాప్తిస్మాలు, వానకి పడిపోయిన వరిచేలు, గుద్దుకున్న లారీలు. ప్రతి పనికీ ఒక హార్డ్ డిస్కు, దాని మీద తెల్ల టేపు, టేపు మీద ముత్యాల్లాంటి అక్షరాలు. అదంతా ఎడమ అల్మరా. కుడివైపు అల్మరాలో మాత్రం ఒకే మాట, ఒకటి నుంచి తొమ్మిది దాకా: పిట్టలు.

తలుపు వెనక చిలక్కొయ్యకి ఒక చొక్కా వేలాడుతోంది. ఛాతీ నుంచి పొట్టదాకా ఎండిన బురదతో అట్టలా బిగుసుకుపోయింది.

"ఇదేంటి?"

"పిట్టల చొక్కా అక్కా. పిట్ట కన్ను ఎంత ఎత్తులో ఉంటే కెమెరా అంతే ఎత్తులో ఉండాలనేవాడు. బురదలో బోర్లా పడుకుని తీసేవాడు. ఉతుకుతానంటే వద్దనేవాడు, మళ్లీ పాడయ్యేదే కదా అని."

గట్టు మీద దొరికిందని పోలీసులు తిరిగిచ్చిన కెమెరాలోని కార్డుని హెలెన్ లాప్‌టాప్‌లో పెట్టింది. శుక్రవారం తీసిన రిసెప్షన్ ఫొటోలు 4120 నంబరుతో ఆగిపోయాయి. ఆ తర్వాత ఆదివారం తేదీతో పదకొండు. మొదటిదాని నంబరు 4163.

"మధ్యలో నలభై రెండు లేవు," అంది హెలెన్. "ఎవరో చెరిపేశారు."

లిడియా తెర మీదికి వంగింది. పదకొండు ఫొటోల్లోనూ మబ్బు వెలుతురు. నీడలు లేవు. ఖాళీ బురదనేల, మడ చెట్ల వేళ్లు, నీలం తాడు చుట్టిన ఒక గుంజ. గుంజ మొదలు కూడా కనబడుతోంది. దాని చుట్టూ పీతల బొరియలు.

"ఇవి వాడు తీసినవి కావక్కా."

"ఎందుకంటున్నావ్?"

"ఒక్క పిట్టయినా లేదు. పైగా ఇవి నిలబడి తీసినవి."

గుమ్మంలో కూర్చున్న మనిషి నిట్టూర్చాడు. లిడియా భర్త వినయ్ కుమార్. బోట్లకీ లారీలకీ ఇన్సూరెన్స్ సర్వే చేస్తుంటాడు. బావమరిదికి ఆ సర్వేల ఫొటోలు తీసే పని ఇప్పించేదీ అతనే. మూడు రోజుల్లోనే బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి.

"బురదలో పడుకోబుద్ధి కాలేదేమోనండి ఆ రోజు," అన్నాడు మెల్లగా. "ఫొటో మీదే టైముంది కదా. ఆరూ నలభై రెండు. నా ఉద్యోగంలో అంతకు మించిన సాక్ష్యం ఉండదండి. నేనా టైముకి చర్చిలో కుర్చీలు వేయిస్తున్నాను. వాడు అక్కడ నీళ్లు మింగుతున్నాడు. తల్చుకుంటే..."

హెలెన్ జాలిపడింది. గోడ మీద అతికించిన పోటు పట్టికలో ఆ వారం కాగితాన్ని ఊడదీసి తీసుకుంది.

"ఈ పిట్టల డిస్కులు ఇక్కడ ఉంచద్దు లిడియా. తాళం సరిగా లేదు. ఇంటికి పట్టుకెళ్లి జాగ్రత్త చెయ్యి. రేపు సాయంత్రం వచ్చి ఒక్కొక్కటే చూస్తాను."

తొమ్మిది డిస్కులూ అట్టపెట్టెలో సర్దారు. బరువని వినయ్ కుమారే ఎత్తుకుని మెట్లు దిగాడు.

*

బుధవారం ఉదయం తొమ్మిదింటికి హెలెన్ రేపల్లె దాటి, బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో కూడా పోలేని చోట నడిచి పాయ ఒడ్డుకి చేరింది. శవాన్ని చూసిన గంగరత్నం అప్పటికే అక్కడ ఎదురుచూస్తోంది. నలభై ఏళ్ల మనిషి. మూడు నెలల క్రితం భర్త రాఘవులు వేటకెళ్లి తిరిగి రాలేదు. చిన్న పడవ రెండు ముక్కలై ఒడ్డుకొచ్చింది.

"ఆదివారం తొమ్మిదిన్నరకి చూశానక్కా. నీళ్లు వెనక్కి తీస్తావున్నాయి. ఆ వేళ్లల్లో ఇరుక్కునున్నాడు. ముందు మా ఆయనేమో అనుకున్నా." గంగరత్నం చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ పిల్లోడు నన్ను పిన్నీ అనేవాడు. శుక్రవారం ఫోను చేశాడు. 'పిన్నీ, బాబాయి పడవని గుద్దిన పెద్దబోటు నా పిట్టల ఫొటోల్లో ఉంది. ముక్కు పగిలిపోయి లోపలికొస్తావుంది. రేపొచ్చి చూపిస్తా' అన్నాడు."

"రేపంటే శనివారం?"

"అవునక్కా. నేను రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోయా. మానేస్తే మళ్లీ పిలవరు. సాయంత్రం వచ్చి, రాలేదేమోలే అనుకున్నా. నేనింటికాడే ఉండుంటే బతికేవాడేమో."

"ఆ బోటు వాళ్లు ఏమన్నారు?"

"ఆ రోజు జెట్టీ దాటలేదన్నారు. ముక్కు పగిలింది తర్వాతొచ్చిన తుఫానుకంట. ఇన్సూరెన్సు సారు కూడా అట్టాగే రాసిచ్చాడంట. ఇంకెవరు వింటారు మా మాట?"

హెలెన్ ఆ మాట విని బుర్రలో ఒక పక్కకి పెట్టింది. ముందు గుంజ సంగతి తేలాలి. ఫోనులో ఫొటో తీసి గంగరత్నానికి చూపించింది.

"ఇదెక్కడ?"

"అదిగో. మా ఆయన పడవ కట్టుకునేవాడు."

చెయ్యి చూపించిన చోట బురద లేదు. వేళ్లు లేవు. నీలం తాడు ముడి ఒక్కటే నీటి మీద తేలుతున్నట్టుంది. గుంజ మొత్తం మునిగిపోయింది. హెలెన్ వాచీ చూసుకుంది. తొమ్మిదీ పది.

"ఇంకా ఎక్కుతుందా?"

"లేదు. ఇదే నిండు. ఇంక తీస్తుంది."

"నిన్న ఎన్నింటికి నిండింది?"

"ఎనిమిదింబావు దాటాక. రోజుకి ముప్పావుగంట జరుగుద్దక్కా, ఎప్పుడూ అంతే."

హెలెన్ వేళ్ల మీద వెనక్కి లెక్క వేసింది. సోమవారం ఏడున్నర. ఆదివారం ఏడుకి కాస్త తక్కువ. అజయ్ గోడ మీది కాగితంలో ఎర్రసిరాతో సున్నా చుట్టిన అంకె కూడా అదే చెబుతోంది, 6:50. ఆమె గుండె ఒక్కసారి బరువెక్కింది. తేలికపడాల్సిన చోట బరువెక్కడం ఆమెకి కొత్త కాదు. ప్రమాదం కాదని రుజువైన ప్రతిసారీ, ఎవరో పనిగట్టుకుని ఒక ప్రాణం తీశారనే కదా అర్థం.

వెనక జీపు ఆగిన చప్పుడైంది.

సీఐ యశ్వంత్ ఇస్త్రీ నలగని యూనిఫారంలో, బురద అంటకుండా గట్టు మీదే నిలబడ్డాడు. పదేళ్ల కిందట ఒక హత్యకేసులో అతను పట్టుకున్న ముద్దాయి వేలిముద్రలు సరిపోవని హెలెన్ రాసిచ్చింది. కేసు పోయింది. అతను మరిచిపోలేదు.

"నమస్తే మేడమ్. పిక్నిక్కా?"

"మీరు చూడాల్సింది చూడ్డానికొచ్చాను."

"చూశాం. శనివారం రాత్రి ఎనిమిదింటికి బాపట్లలో తన ఫ్రెండు నిఖిల్‌కి లెన్సిచ్చాడు. తొమ్మిదీ పదికి 'రేపు తెల్లారి పిట్టల దగ్గరికి' అని అక్కకి మెసేజి పెట్టాడు. ఆదివారం ఆరూ నలభై రెండుకి ఆఖరి ఫొటో. బండి ఇక్కడే ఉంది. ఫోను నీళ్లల్లో పోయింది. ఇంకేం కావాలి?"

"లెన్సు ఇచ్చాక రాత్రి ఎక్కడ పడుకున్నాడు?"

యశ్వంత్ టోపీ సర్దుకున్నాడు. "ఎక్కడో పడుకునుంటాడు. పెళ్లాం పిల్లలా?"

"మెసేజి ఎవరైనా పెట్టచ్చు, ఫోను చేతిలో ఉంటే చాలు. ఫొటో సంగతి చెప్పండి. ఆ గుంజ కనబడుతోందా?"

"ఏ గుంజ?"

"అదే నా ప్రశ్న కూడా." హెలెన్ ఫోను అతని ముఖం ముందు పెట్టింది. "ఆదివారం ఆరూ నలభై రెండుకి ఇక్కడ నీళ్లు ఇప్పుడున్నట్టే నిండుగా ఉన్నాయి. ఫొటోలో చూస్తే పీతల బొరియలతో సహా నేల తేలి ఉంది. నిండు పోటులో ఈ నేల ఎలా కనబడిందండీ?"

యశ్వంత్ ఫోను తీసుకున్నాడు. ఫొటో చూశాడు. నీళ్లు చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

"కెమెరాలో టైము తప్పయ్యుండచ్చు."

"శుక్రవారం రిసెప్షన్ ఫొటోల్లో నిమిషం కూడా తేడా లేదు. పెళ్లివాళ్ల వీడియోతో సరిచూశాను. తర్వాతే ఎవరో శనివారం తీసిన నలభై రెండూ చెరిపి, టైము మార్చారు. పగటి వెలుతురులో ఇక్కడ నేల తేలేది శనివారం మధ్యాహ్నం. అప్పటికి కెమెరా ఇంకొకరి చేతిలో ఉంది. పాయ నడుమ ఎప్పుడూ లోతే, అజయ్ అప్పుడే చనిపోయాడు. పోస్టుమార్టం సోమవారం జరిగింది. ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల లోపు అని డాక్టరు రాశారు. శనివారం కూడా అందులోకే వస్తుంది."

"అంటే నిఖిల్ ఎనిమిదింటికి మాట్లాడింది దెయ్యంతోనా?"

"అది కనుక్కోడానికే బాపట్ల వెళ్తున్నాను. ఈవిడ చెప్పిన బోటు సంగతి మీరెందుకు రాసుకోలేదు?"

"మొగుడు పోయినావిడ మేడమ్. రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది."

గంగరత్నం తలెత్తి సీఐ కళ్లల్లోకి సూటిగా చూసింది. "రోజూ ఒకటే చెబుతున్నా బాబూ," అంది.

యశ్వంత్ ముఖం ఎర్రబడింది. ఫోను తిరిగిచ్చేశాడు. "రేపు ఫైలు పైకి పోతుంది. ఈలోగా గుంజలూ పీతలూ కాకుండా మనిషి పేరు తెస్తే మాట్లాడదాం," అని జీపెక్కాడు. జీపు కదిలాక కూడా, అద్దంలోంచి గుంజ వైపే చూస్తుండడం హెలెన్ గమనించింది.

*

బాపట్లలో నిఖిల్ గది చేరేసరికి పన్నెండున్నరైంది. ఇరవై తొమ్మిదేళ్లవాడు. అజయ్ దగ్గర పని నేర్చుకుని, పెద్ద పెళ్లిళ్లకి అతనితో కలిసి తీసేవాడు. రెండు తెరల ముందు కూర్చుని ఆదివారం నాటి పెళ్లి ఫొటోలు సరిచేస్తున్నాడు.

"ఆదివారం ఐదు నుంచి ఎనిమిది దాకా పెళ్లి మండపంలోనే ఉన్నానండి. మూడువందల మంది చూశారు. కావాలంటే..."

"ఆదివారం నాకక్కర్లేదు. శనివారం రాత్రి ఎనిమిదింటికి అజయ్ ఏం చొక్కా వేసుకున్నాడు?"

"చొక్కానా... చీకట్లో సరిగా చూళ్లేదండి."

"లైటు కిందే మాట్లాడుకున్నామని పోలీసులకి చెప్పావు."

"నీలం చొక్కా అనుకుంటానండి."

"శవం మీదున్నది బూడిద రంగు. బండి మీద వచ్చాడా?"

"అవునండి. బండి మీదే."

"లెన్సు ఎందులో తెచ్చాడు?"

"పెట్టెలో."

"ఏ పెట్టె?"

నిఖిల్ కళ్లు తనకి తెలియకుండానే అల్మరా వైపు వెళ్లాయి. హెలెన్ లేచి అల్మరా తెరిచింది. పెద్ద లెన్సు, చేతిరుమాల్లో చుట్టి ఉంది. పెట్టె లేదు. విప్పి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. పైపైన తుడిచారు. తిప్పే వలయం గాడిలో మాత్రం బూడిదరంగు మట్టి ఎండి గట్టిపడింది.

"ఇది నీ చేతికొచ్చేసరికి బురదతో ఉంది కదూ?"

"తుడిచానండి. మన సామాను మనమే..."

"నిఖిల్." హెలెన్ స్వరం పెంచలేదు. "లెన్సు మీద దుమ్ము పడితే అన్నం తినని మనిషి అజయ్. బురద లెన్సుని పెట్టె లేకుండా, రుమాల్లో చుట్టి, పెళ్లికి ఇస్తాడా? శనివారం మధ్యాహ్నమే అజయ్ చనిపోయాడు. నేను రుజువు చెయ్యగలను. అంటే చనిపోయినవాడి లెన్సు రాత్రి ఎనిమిదింటికి నీ చేతికొచ్చింది. ఇంకోసారి అబద్ధం చెబితే ఆ చంపినవాడివి నువ్వే అవుతావు."

నిఖిల్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"అన్న శనివారం లెన్సిస్తానన్నాడండి. సాయంత్రం నుంచి ఫోను చేస్తూనే ఉన్నా, ఎత్తలేదు. ఏడింటికి మెసేజి వచ్చింది, పంపిస్తున్నానని. ఎనిమిదింటికి కారొచ్చింది. అన్న వెనక సీట్లో నిద్రపోతున్నాడు, లేపకు అన్నారు. అద్దాలు నల్లవి. లోపలికి చూళ్లేదండి. ఆదివారం అన్న పోయాడని తెలిశాక మళ్లీ ఫోను చేసి, 'పోలీసులు మా ఇంటి చుట్టూ తిరుగుతారు, మీ అక్క తట్టుకోలేదు, అన్నే వచ్చి ఇచ్చాడని చెప్పు' అన్నారు. అక్క కోసమే కదా అని..."

"ఎవరు?"

"వినయ్ సారండి. లిడియక్క వాళ్లాయన."

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. ఇన్సూరెన్సు సారు. బోటు జెట్టీ దాటలేదని సంతకం పెట్టినవాడు. ఫొటో మీది తేదీకి మించిన సాక్ష్యం లేదని రోజూ కాగితాల మీద రాసేవాడు. ఆ తేదీ ఎలా మారుతుందో అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? అజయ్ కూడా ముందు బావకే చెప్పి ఉంటాడు, ఇంటి మనిషే కదా అని. బావ కారు దిగి, ఆ ఫొటోలేవో చూద్దాం పదమని పాయ దాకా వెంట వచ్చి ఉంటాడు.

నిన్న ఆ డిస్కుల పెట్టెని అతని చేతుల్లో పెట్టింది తనే.

"నీ ఫోను తియ్యి. ఈ నంబరుకి చెయ్యి. సీఐ యశ్వంత్. తెనాలిలో లిడియా ఇంటికి ఈ క్షణమే మనుషుల్ని పంపమని చెప్పు. పేరు అడుగుతాడు. పేరు చెప్పు."

నిఖిల్ నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. హెలెన్ తన ఫోనులో లిడియాకి చేసింది. తెనాలికి గంట పైన ప్రయాణం. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు.

"హలో," అంది లిడియా. గొంతు పొడిగా ఉంది.

"నేను హెలెన్‌ని. నా పేరు పైకి అనకు. మీ స్కూలు హెడ్‌మాస్టరు చేశారనుకో. అవునండి, లేదండి, అంతే చెప్పు. మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?"

"అవునండి."

"డిస్కులు అతని దగ్గరే ఉన్నాయా?"

"అవునండి."

వెనక మగగొంతు వినిపించింది. ఎవరని అడుగుతున్నాడు. "స్కూలు నుంచి," అంది లిడియా, నిదానంగా. కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు దగ్గరవుతున్నాయి.

"వీధి తలుపు తీసి ఉందా?"

"లేదండి."

"పిలిస్తే పక్కింటివాళ్లకి వినబడుతుందా?"

"లేదండి. సెలవులకి ఊరెళ్లారండి."

పక్కన నిఖిల్ ఫోనులో వినయ్ కుమార్ పేరు చెబుతున్నాడు, మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. అవతలివాళ్లు నమ్మడం లేదని అర్థమవుతోంది.

"ఆ డిస్కుల్లో ముక్కు పగిలిన బోటు ఫొటో ఉంది, నువ్వు చూశావా లిడియా?"

అవతల అడుగులు ఆగాయి.

"అవునండి."

"నువ్వు చూసినట్టు అతనికి తెలుసా?"

"అవునండి," అంది లిడియా. ఆ తర్వాత ఫోను ఆమె చేతిలోంచి ఎవరో తీసుకున్న చప్పుడు వినిపించి, లైను తెగిపోయింది.